బందెలదొడ్డి నుంచి అతిథి గ్యాలరీ దాకా

ఇటలీ ఫుట్‌బాల్ స్టేడియాల్లో ఎదుటి జట్టు అభిమానులు కూర్చునే చోటుకు ‘అతిథుల విభాగం’ అని పేరు. జర్మన్లూ దాన్ని అతిథుల బ్లాక్ అనే అంటారు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో వాళ్లు చూడవచ్చినవాళ్లు. ఇంగ్లండ్‌లో మాత్రం అది ‘అవే ఎండ్’. ఆ మాటలో చుట్టరికం వాసన లేదు, సొంత ఊరికి దూరంగా ఉన్నారన్న సంగతి తప్ప. అతిథులన్నంత మాత్రాన ఇటలీవాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి పిలుస్తారని కాదు. అక్కడి అతిథుల విభాగం చుట్టూ లేచిన గాజు గోడలనూ వలలనూ చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లకు హాస్యం పాలు కాస్త ఎక్కువేమో అనిపిస్తుంది. ఏ పేరుతో పిలిచినా దృశ్యం ఒకటే: వేల మంది స్థానికుల మధ్య ఒక మూల, ఆ మూలలో రెండు మూడు వేల మంది పొరుగూరివాళ్లు, రెండు గుంపుల మధ్య ఖాళీ కుర్చీల వరస, ఆ వరసలో పోలీసులో స్టీవార్డులో. టీవీలో ఏళ్ల తరబడి చూసీ చూసీ ఇది ఆటతో పాటే పుట్టిందనుకుంటాం. ఇంగ్లండ్ చరిత్ర వేరేలా చెబుతుంది. లీగ్ 1888లో మొదలైతే, ఈ మూల స్థిరపడటానికి ఇంచుమించు ఎనభై ఏళ్లు పట్టింది. వైరం ముందు ఉండి, దాన్ని అదుపు చెయ్యడానికి కంచె తరవాత వచ్చిందన్నది సగం నిజమే. ఆ వైరానికి ఒక ఆకారం, ఒక చిరునామా ఇచ్చింది కంచేనన్నది మిగతా సగం.

మొదట రైలు సంగతి. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా పని ఆపించింది. ఆ సగం రోజు సెలవు మీదే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నిలబడింది. లీగ్‌లో చేరిన తొలి పన్నెండు క్లబ్బులూ లాంకషైర్, మిడ్‌లాండ్స్ పారిశ్రామిక పట్టణాలవే. ఒకదానికొకటి రైల్లో అందుబాటులో ఉన్న ఊళ్లు అవి. అయినా ప్రతి పక్షం జట్టు వెంట వెళ్లడం మిల్లు కూలీ జీతానికి అందే పని కాదు. దూరప్రయాణం ఏడాదికొకటో రెండో. కప్పు ఫైనలైతే దానికోసం వారం వారం డబ్బు దాచుకునేవారు. 1884లో బ్లాక్‌బర్న్ రోవర్స్ వెంట లండన్ వచ్చిన ఉత్తరాది జనాన్ని చూసి అక్కడి పాల్ మాల్ గెజెట్ పత్రిక, వింత బట్టలతో వింత యాసతో ఏదో దండు దిగినట్టు రాసింది. అందులో భయం కంటే వెటకారమే ఎక్కువ. 1901లో క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన ఫైనల్‌కు 1,10,820 మంది వచ్చారు. అందులో షెఫీల్డ్ నుంచి రైళ్లెక్కి వచ్చినవాళ్లనూ, టాటెన్‌హామ్ వైపు లండన్‌వాళ్లనూ విడదియ్యాలన్న ఆలోచనే నిర్వాహకులకు రాలేదు. స్కాట్లండ్‌లో అభిమానులు చందాలేసుకుని గుర్రపు బళ్లు బాడుగకు మాట్లాడుకునేవారు, వాటిని బ్రేక్ క్లబ్బులనేవారు. బండి పక్కన జట్టు రంగుల జెండా కట్టుకుని పొరుగూరి వీధుల్లోంచి పోవడం వాళ్లకు ఊరేగింపుతో సమానం.

మైదానంలోకి వెళ్లాక ఎవరు ఎక్కడ నిలబడాలన్న నియమం చాలాచోట్ల లేదు. టికెట్ కొన్నవాడు మెట్ల మీద ఖాళీ ఉన్నచోట నిలబడతాడు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారితే జనం కూడా కదిలేవారు, తమ జట్టు గోలు కొట్టబోయే వైపుకి. ఇంటివాళ్లూ పొరుగువాళ్లూ దారిలో ఎదురుపడి ఒకరినొకరు ఒరుసుకుంటూ వెళ్లేవారు. ఈ అలవాటు కొన్ని మైదానాల్లో రెండో ప్రపంచయుద్ధం తరవాత కూడా సాగింది.

అంటే ఆ రోజుల్లో అంతా శాంతేనా అని అడగవచ్చు. కాదు. 1885లో ఆస్టన్ విల్లా మీద ప్రెస్టన్ గెలిచిన రోజున జనం మైదానంలోకి దూకి రెండు జట్ల ఆటగాళ్లనూ రాళ్లతో కర్రలతో తరిమారు. 1909 ఏప్రిల్‌లో గ్లాస్గో హాంప్‌డెన్ పార్కులో జరిగింది అంతకంటే పెద్ద గొడవ. రేంజర్స్, సెల్టిక్ జట్ల మధ్య కప్పు ఫైనల్ మొదటిసారి సమంగా ముగిసింది, మళ్లీ ఆడిస్తే మళ్లీ సమమే అయింది. అదనపు సమయం ఆడిస్తారని జనం ఎదురుచూస్తుంటే ఆటగాళ్లు లోపలికి వెళ్లిపోయారు. మూడోసారి టికెట్ డబ్బులు గుంజడానికే ఈ ఎత్తు అన్న అనుమానం రేగింది. గోలు స్తంభాలు పీకారు, టికెట్లమ్మే గుమ్మాలకు నిప్పు పెట్టారు, ఆర్పడానికి వచ్చిన సిబ్బంది గొట్టాలు కోసేశారు. ఆ ఏడు కప్పు ఎవరికీ ఇవ్వలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మతం, వలస, పేట అన్నీ కలిసి శత్రువులుగా చేసిన ఆ రెండు జట్ల అభిమానులూ ఆ రోజు ఒకరి మీద ఒకరు పడలేదు; కలిసి నిర్వాహకుల మీద పడ్డారు. పాతకాలపు అల్లర్లలో ఎక్కువ భాగం ఇలాంటివే: రిఫరీ మీద, క్లబ్బు మీద, తలుపులు మూసినవాడి మీద. ఎదుటి ఊరి ప్రేక్షకుడు తన్నులు తినలేదని అనను. కానీ అతన్నే వెతుక్కుంటూ వెళ్లి కొట్టడం శనివారపు కార్యక్రమంగా ఇంకా మారలేదు. వెతకాలన్నా ఎక్కడని వెతుకుతారు? అతను పక్కనే, అదే మెట్టు మీద, అదే కోటు, అదే టోపీ వేసుకుని నిలబడి ఉన్నాడు.

1960ల్లో ఇది మారింది. 1959లో ఎం1 మోటార్‌వే తెరిచారు. కుర్రాళ్ల చేతిలో సొంత జీతం ఆడింది, రైల్వే మ్యాచుల కోసం చవగ్గా స్పెషల్ రైళ్లు నడిపింది. ఏడాదికొకసారి పండగలా ఉన్న ప్రయాణం పక్షానికొకసారి అలవాటైంది. సరిగ్గా అదే కాలంలో గోలు వెనకున్న మెట్లు యువకుల సొంతమయ్యాయి. లివర్‌పూల్‌లో కాప్ అనే వైపు పాటలతో దేశమంతా పేరు తెచ్చుకుంది. మిగతా ఊళ్లూ తమ గోలు వెనకను అలాగే పేరుపెట్టి సొంతం చేసుకున్నాయి. వాళ్ల ఇల్లంటూ ఒకటి ఏర్పడగానే దాన్ని దోచుకోవడమనే ఆట కూడా పుట్టింది. పొరుగూరి కుర్రాళ్లు ముందే వచ్చి, రంగులు దాచుకుని, స్థానికుల మెట్ల మధ్యలో చేరి ఒక్కసారిగా తమ పాట ఎత్తుకునేవారు. దానికి ఇంగ్లండ్‌లో అన్న మాట ‘ఎండ్ తీసుకోవడం’, కోట పట్టుకున్నట్టు. పోలీసులు మొదట తాళ్లు కట్టారు, తరవాత తాళ్ల పక్కన బారులు తీరారు, ఆపై ఇనుప కంచెలు లేచాయి. 1974లో మాంచెస్టర్ యునైటెడ్ రెండో డివిజన్‌కు జారింది. దాని వెంట పెద్ద గుంపులు చిన్న పట్టణాల మీదికి వచ్చిపడ్డాయి. అదే ఏడు ఆగస్టులో బ్లాక్‌పూల్ మైదానంలో ఒక కుర్రాడిని పొడిచి చంపారు. ఆ తరవాత కంచెలు వెయ్యాలా వద్దా అన్న చర్చ ముగిసింది. ఎంత ఎత్తు అన్నదొక్కటే మిగిలింది.

నా వాదానికి బలమైన అభ్యంతరం ఇక్కడే వస్తుంది: ముందు కొట్లాట, తరవాత కంచె, వరస ఇదైనప్పుడు కంచెను తప్పు పట్టడం జ్వరానికి థర్మామీటరును నిందించినట్టే గదా అని. వరస అదే, ఒప్పుకోవాల్సిందే. ఇంటి గోలు వెనక యాభైమంది చొరబడితే పక్కనున్న పదేళ్ల పిల్లవాడిని కాపాడటానికి వేరు చెయ్యడం తప్ప పోలీసులకు వేరే దారి ఉందని నేనూ అనుకోను. నేననేది ఆ తరవాతి మెట్టు గురించి. వేరు చేసే దాకా పోలీసు చూసేది ఎవడు చెయ్యెత్తాడన్నది. వేరు చేశాక చూసేది ఎవడు ఏ ఊరివాడన్నది. రైలు దిగగానే చుట్టుముట్టి, గుర్రాల మధ్య నడిపించి, ఒకే గుమ్మంలోంచి తోసి, ఆటయ్యాక వీధులు ఖాళీ అయ్యేదాకా లోపలే నిలిపి ఉంచే పద్ధతికి తాతా మనవడూ, కొట్లాటకు వచ్చినవాడూ ఒక్కటే. రెండో సంగతి, కంచె శత్రువుకు చిరునామా ఇచ్చింది. ‘వాళ్లు’ అన్నవాళ్లు ఇప్పుడు ఒకచోట, అందరికీ కనబడేలా, వేలు చూపించి పాడటానికి వీలుగా నిలబడి ఉన్నారు. పొరుగూరివాళ్లను దెప్పుతూ పాడే పాటలూ, వాళ్లు తిరిగి ఇచ్చే జవాబు పాటలూ సంప్రదాయంగా పాతుకుపోయింది ఈ ఏర్పాటు తరవాతే. లివర్‌పూల్, ఎవర్టన్ అభిమానులు 1984 లీగ్ కప్ ఫైనల్‌కు వెంబ్లీలో కలగలిసి నిలబడి తమ ప్రాంతం పేరు ఒకే గొంతుతో పాడినప్పుడు దేశం ఆశ్చర్యపోయింది. వాళ్ల తాతలు చూసి ఉంటే ఇందులో వింతేముందని అడిగేవారు.

1985 ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌కు శని పట్టిన ఏడు. మార్చిలో లూటన్ మైదానంలో మిల్‌వాల్ అభిమానులు కుర్చీలు పీకి పోలీసుల మీద విసిరిన దృశ్యాలు టీవీలో వచ్చాయి. మే 11న బ్రాడ్‌ఫర్డ్ స్టాండులో మంటలు లేచి 56 మంది చనిపోయారు. మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్‌లో గోడ కూలి 39 మంది, వాళ్లలో ఎక్కువమంది ఇటలీవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడు చెల్సీ క్లబ్బు ఛైర్మన్ కెన్ బేట్స్ తన మైదానం కంచెకు కరెంటు పెట్టించాడు. పశువుల దొడ్డికి పెట్టేలాంటిదే అది. లండన్ నగర పాలక సంస్థ స్విచ్ వెయ్యనివ్వలేదు. దొడ్డి అన్నది నేను కల్పించిన పోలిక కాదు. కంచెలతో విడదీసిన మెట్ల భాగాలను ఇంగ్లండ్‌లో ‘పెన్’ అనే పిలిచేవారు, గొర్రెలనూ పశువులనూ తోలే చోటుకు వాడే మాట అది. మన బందెలదొడ్డి దానికి సరిగ్గా సరిపోతుంది. పొరుగువాడి చేలో పడ్డ పశువును కట్టేసే చోటు గదా.

ఆ దొడ్డి ఎంత పని చేసిందో 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో చూపించింది. కప్పు సెమీఫైనల్, లివర్‌పూల్‌కూ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ. మైదానం ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు, ఇద్దరూ పొరుగూరివాళ్లే. ఎవరిని ఏ వైపు పెట్టాలన్న లెక్కలో పోలీసులు చూసింది ఒక్కటే: రెండు గుంపులూ వచ్చే దారులు కలవకూడదు. ఫారెస్ట్‌వాళ్లు దక్షిణం నుంచి వస్తారు గనక పెద్ద వైపు వాళ్లకు, లివర్‌పూల్‌వాళ్లకు చిన్నదైన లెపింగ్స్ లేన్ వైపు. లివర్‌పూల్‌కు జనం ఎక్కువ, పెద్ద వైపు తమకివ్వాలని అడిగారు కూడా. దారులు కలుస్తాయన్న భయమే నెగ్గింది. ఫలితంగా 24 వేల పైచిలుకు లివర్‌పూల్ అభిమానులు ఇరవైమూడు తిరుగుడు గేట్లలోంచి రావాలి. అందులో నిలబడి చూసే 10,100 మందికి దక్కినవి ఏడు. ఆట మొదలవబోతుంటే బయట ఊపిరాడని స్థితి వచ్చింది. 2 గంటల 52 నిమిషాలకు ఒక పెద్ద గేటు తెరిచారు. లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించింది ఒక సొరంగం. అది అప్పటికే నిండిపోయిన మధ్య దొడ్లలోకి, మూడు, నాలుగు నంబర్ల వాటిలోకి తీసుకుపోతుంది. ఆ సొరంగాన్ని ఎవరూ మూయలేదు. పక్క దొడ్లలో చోటుంది, కానీ మధ్యలో ఇనుప కంచె. ముందు మైదానం ఉంది, దానికీ ఎత్తు కంచె, చిన్న చిన్న గేట్లు. ఆ కంచెలెక్కబోతున్నవాళ్లను చూసి పోలీసులు మొదట అనుకున్నది మైదానం మీదికి దండెత్తుతున్నారని. 3 గంటల 6 నిమిషాలకు ఆట ఆపేశారు. చనిపోయినవాళ్ల లెక్క చివరికి 97కు చేరింది. ఆఖరి మరణం 2021లో.

పక్క దొడ్లను విడదీసే ఆ కంచెలు అక్కడికెలా వచ్చాయన్నది మరీ బాధపెట్టే విషయం. 1981లో ఇదే మైదానంలో ఇంకో సెమీఫైనల్‌లో ఇదే వైపు తొక్కిసలాటై 38 మంది గాయపడ్డారు. దానికి మందుగా మెట్లను భాగాలు చేసి కంచెలు వేశారు. జనాన్ని పక్కకు కదలనివ్వని ఏర్పాటు జనాన్ని నియంత్రిస్తుందన్న నమ్మకం. అభిమాని అంటే ముప్పు, ముప్పును ఎక్కడికక్కడ కట్టెయ్యాలి అన్న ఆలోచన ఇనుములోకి దిగితే ఎలా ఉంటుందో హిల్స్‌బరో అలా ఉంది. మరణాల తరవాత నెపం తాగుబోతు అభిమానుల మీదికి నెట్టడం కూడా ఆ ఆలోచన కొనసాగింపే. ఆ నెపం అబద్ధమనీ, మృతులు అన్యాయంగా చంపబడ్డారనీ, అభిమానుల తప్పు లేదనీ జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది.

సరే, వేరు చేసి ఒకేచోట కూర్చోబెట్టడమే ఇంత చేటైతే, అసలు రానివ్వకపోతే పోదా? ఈ ప్రశ్నను లూటన్ క్లబ్బు మాటల్లో కాక చేతల్లో అడిగింది. మిల్‌వాల్ గొడవ తరవాత 1986-87 నుంచి నాలుగు సీజన్లు పొరుగూరి అభిమానులకు తలుపులు మూసింది. స్థానికులకు సభ్యత్వ కార్డులు. లీగ్ కప్‌లో నియమం ఒప్పుకోదంటే, ఆ ఏడు కప్పు నుంచి బహిష్కరణ పొందింది గాని మాట మార్చలేదు. ఊరివాళ్లకు ఇది హాయే అయింది. శనివారం మధ్యాహ్నం దుకాణాలు తెరుచుకున్నాయి, అరెస్టులు తగ్గాయి. జట్టుకూ మేలు జరిగింది. ఆ మొదటి సీజన్‌లోనే లీగ్‌లో ఏడో స్థానం, ఆ క్లబ్బు చరిత్రలో అంతకు మించింది లేదు. దాని వెనక ఆ మైదానంలో పరిచిన ప్లాస్టిక్ పచ్చిక ఎంత, ఎదుటివాళ్ల అరుపులు లేకపోవడం ఎంత అన్నది ఎవరి లెక్క వారిది. క్లబ్బు ఛైర్మన్ డేవిడ్ ఎవాన్స్ కన్సర్వేటివ్ నాయకుడు, తరవాత ఎంపీ కూడా అయ్యాడు. థాచర్ ప్రభుత్వం దీన్నే దేశమంతటికీ గుర్తింపు కార్డుల పథకంగా మార్చి 1989లో చట్టం చేసింది. హిల్స్‌బరో మీద విచారణ జరిపిన జస్టిస్ టేలర్ 1990 జనవరి నివేదికలో ఆ పథకం మీద నమ్మకం లేదని తేల్చడంతో అది కాగితాల్లోనే ఉండిపోయింది. అప్పటికి ఆ మార్గం దేశానికి నచ్చలేదనడానికి మరో సాక్ష్యం: లూటన్‌ను అనుసరించి తలుపులు మూసిన పెద్ద క్లబ్బు ఇంకొకటి లేదు.

తలుపులు మూసినంత మాత్రాన గొడవ ఆగదనడానికి పెద్ద సాక్ష్యం అర్జెంటీనాలో ఉంది. 2013 జూన్‌లో లా ప్లాటాలో స్టేడియం బయట జరిగిన గొడవలో పోలీసు తూటాకు ఒక అభిమాని చనిపోయాక పొరుగు అభిమానులను ఆ దేశంలో నిషేధించారు. నిషేధం ఏళ్ల తరబడి సాగింది. ఐదేళ్ల తరవాత 2018లో రివర్ ప్లేట్, బోకా జూనియర్స్ దక్షిణ అమెరికా ఖండ కప్పు ఫైనల్‌లో తలపడ్డాయి. రెండు ఆటలకూ ఎదుటి అభిమాని ఒక్కడు కూడా రావడానికి వీల్లేదు. నవంబరు 24న రెండో ఆటకు వస్తున్న బోకా బస్సు మీద రివర్ అభిమానులు రాళ్లు విసిరారు, అద్దాలు పగిలి ఆటగాళ్లు గాయపడ్డారు. చివరికి డిసెంబరు 9న ఆ ఫైనల్‌ను మాడ్రిడ్‌లో, అట్లాంటిక్ దాటించి ఆడించాల్సి వచ్చింది. గ్యాలరీలో శత్రువును లేకుండా చేస్తే కోపం బస్సును వెతుక్కుంది. దీనివల్ల నిషేధాలన్నీ పనికిరావని రుజువు కాదు. కానీ ఎదుటివాడు అక్కడ ఉండటమే గొడవకు మూలమన్న వాదం ఇక నిలవదు.

నా వాదం ఎదురు తిరిగే చోటు మన దేశంలోనే ఉంది, దాటవెయ్యకూడదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్‌బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలో అభిమానుల కొట్లాట, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఒకే ఊరివాళ్లు, ఇద్దరిలో ఎవరికీ ఆ ఊరు పరాయిది కాదు. కలిసి ఉంటే సర్దుకుంటారులే అనడం ఎంత ప్రమాదమో ఆ రోజు చెబుతుంది. అందుకే నేను కంచె వద్దనడం లేదు. కంచె ఎవరి క్షేమం కోసమో తేలాలంటున్నాను. ఇక మన దేశంలో పొరుగూరి మైదానానికి జట్టు వెంట వెళ్లే సంప్రదాయం ఎదగకపోవడానికి టోర్నీలు జరిగిన తీరు ఒక కారణం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ విజయాలన్నీ బొంబాయిలో సాధించింది. టోర్నీ అంతా ఒకే ఊళ్లో జరిగేది, హైదరాబాద్ జనం వార్త కోసం పత్రికకు కళ్లప్పగించడమే. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచినప్పుడు గ్యాలరీ నిండా పసుపు చొక్కాలే, అన్నీ కేరళవాళ్లవి. విచిత్రమేమిటంటే మైదానంలో పసుపు వేసుకున్నది హైదరాబాద్ జట్టు.

టేలర్ నివేదిక తరవాత ఇంగ్లండ్‌లో దొడ్లు పోయాయి, కుర్చీలు వచ్చాయి, మైదానం ముందు కంచెలు కూలాయి. కానీ పొరుగువాళ్ల మూల అలాగే ఉంది, దాని అర్థం మాత్రం తిరగబడింది. ప్రీమియర్ లీగ్‌లో వచ్చిన జట్టుకు 3,000 టికెట్లో, స్టేడియం సామర్థ్యంలో పదో వంతో, ఏది తక్కువైతే అది ఇచ్చి తీరాలి. ఒకప్పుడు ఇంతకు మించి రావద్దన్న గీతగా ఉన్నది ఇప్పుడు ఇంతకు తగ్గించరాదన్న హామీగా మారింది. ధర మీద పోరాటం కూడా ఆ హామీ మీదే నిలిచి సాగింది. 2013 జనవరిలో ఆర్సెనల్ మైదానంలో పొరుగు టికెట్ 62 పౌండ్లు పెడితే మాంచెస్టర్ సిటీ క్లబ్బు తన వాటా 3,000లో 912 టికెట్లు అమ్ముడుపోక వెనక్కి పంపింది. అదే ఏడు అభిమానుల సంఘాలు ఇరవై పౌండ్లు చాలన్న నినాదమెత్తాయి. 2016-17 సీజన్ నుంచి లీగ్ పొరుగు టికెట్‌కు ముప్పై పౌండ్ల గరిష్ఠ ధర కట్టింది. క్లబ్బులు ఉదారంగా ఇచ్చాయనుకోవడం అమాయకత్వం. ఆ మూల ఖాళీగా ఉంటే టీవీలో ఆట చల్లారిపోయిన కాఫీలా కనబడుతుందని వాటికి తెలుసు. కరోనా వేళ చాలావరకు ఖాళీ స్టేడియాల్లో సాగిన 2020-21 సీజన్ అదే చెప్పింది: ఇంటి జట్టు గెలుపులు 144, వచ్చిన జట్టు గెలుపులు 153, ఇంగ్లండ్ అగ్రశ్రేణి చరిత్రలో మొదటిసారి ఇలా తిరగబడింది. ఇంటి జనం ఎంత బలమో తేలింది, అంటే ఆ బలానికి ఎదురు నిలిచే మూడు వేల గొంతుల విలువా తేలింది.

ఇంటి జట్టుకు ఆ గొంతులు నొక్కాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2018లో గ్లాస్గోలో రేంజర్స్ క్లబ్బు సెల్టిక్ వాటాను దాదాపు 7,000 నుంచి 800 దాకా కుదించింది. సీజన్ టికెట్లు కొనే సొంతవాళ్లకు ఆ కుర్చీలు అమ్మాలన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. సెల్టిక్ కూడా అదే జవాబిచ్చింది. ఆ కాస్తా 2023-24లో సున్నాకు చేరింది. 1909లో కలిసి టికెట్ గుమ్మాలు తగలబెట్టిన రెండు జట్ల అభిమానుల మునిమనవలు ఒకరి మైదానంలో ఒకరు అడుగు పెట్టని స్థితి అది. 2025 జనవరిలో ఐబ్రాక్స్‌లో తలుపులు మళ్లీ తెరిచారు. సెల్టిక్‌వాళ్లకు ఒక మూల, సుమారు 2,500 కుర్చీలు.